పెద్ద మోడల్ రైళ్లకు తక్కువ ఖర్చులో శబ్దం, వైర్‌లెస్ కంట్రోల్

45 మిల్లీమీటర్ల ఎడం ఉన్న పట్టాల మీద నడిచే మోడల్ రైలుకు శబ్దం పెట్టించాలనుకుంటే మొదట అడ్డొచ్చేది ధర. పెద్ద ఇంజిన్ల కోసం చేసిన, ఆదేశాలు అందుకుని శబ్దం వినిపించే సౌండ్ డీకోడర్, దానికి ఆదేశాలిచ్చే కమాండ్ స్టేషన్, చేతిలో పట్టుకునే రేడియో కంట్రోలర్, ఈ మూడింటి ఖర్చు కలిపితే చాలాసార్లు ఇంజిన్ ఖరీదునే మించిపోతుంది. ఇంచుమించు అదే పని చేయగల చిన్న బోర్డులు ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అందులో కొద్ది భాగానికే దొరుకుతున్నాయి. అలాగని కంటికి కనపడిన చౌక బోర్డులన్నీ తెచ్చి కలిపేస్తే పని అయిపోదు. కొన్నిచోట్ల ఎంత పొదుపు చేసినా తేడా తెలియదు, కొన్నిచోట్ల కాస్త పొదుపు చేసినా రైలంతా పాడవుతుంది. అన్నిటికంటే ముందు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఒకటుంది. శబ్దం ఎంత స్వచ్ఛంగా ఉందని చెవి మొదట చూడదు, అది చక్రంతో కలిసి వస్తోందా లేదా అని చూస్తుంది. ఆ పొంతన కుదిరితే మామూలు రికార్డింగ్ కూడా నిజమైన ఇంజిన్‌లా వినిపిస్తుంది. కుదరకపోతే ఎంత ఖరీదైన రికార్డింగ్ అయినా రైలు పక్కన ఎవరో రేడియో పెట్టినట్టే ఉంటుంది.

పెద్ద మోడల్ రైళ్లంటే ఇక్కడ ముఖ్యంగా జి స్కేల్ అని పిలిచేవి. జర్మనీలోని న్యూరెంబర్గ్‌కు చెందిన లేమాన్ సంస్థ 1968లో ఎల్‌జీబీ పేరుతో వీటిని తెచ్చింది. మీటర్ గేజ్ రైలును 1:22.5 నిష్పత్తికి కుదిస్తే ఇంచుమించు 45 మి.మీ. పట్టా వస్తుంది. తర్వాత వచ్చిన తయారీదారులు పట్టాలు అవే ఉంచి నిష్పత్తిని మార్చుకున్నారు: మూడడుగుల నేరో గేజ్‌కు 1:20.3, స్టాండర్డ్ గేజ్‌కు 1:32, కొందరైతే 1:29. కొలతల పట్టింపు ఉన్నవారికి ఇదొక తలనొప్పి. శబ్దానికి, కంట్రోల్‌కు మాత్రం దీంతో పేచీ లేదు. ఇక్కడ కలిసొచ్చేది లోపలి ఖాళీ. 1:87 నిష్పత్తిలో ఉండే హెచ్‌ఓ ఇంజిన్‌లో వేలిగోరంత స్పీకర్ ఇరికించడమే కష్టం. జి స్కేల్‌లో కాస్త పెద్ద టెండర్ (ఆవిరి ఇంజిన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) అయితే మూడంగుళాల స్పీకర్, బ్యాటరీ, రెండు మూడు బోర్డులు పట్టేస్తాయి. అన్నిటినీ బుల్లి సైజుకు కుదించాల్సిన అవసరం లేదు కాబట్టే ఈ సైజు రైళ్లలో చౌక దారులు ఉన్నాయి.

కరెంటు ఎక్కడి నుంచి?

శబ్దం కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇది. ఆరుబయట వేసిన ఇత్తడి పట్టాల మీద ఆక్సైడ్ పొర పేరుకుంటుంది. ఆకులు, బురద, చీమలు ఎటూ తప్పవు. పట్టా ముక్కల్ని కలిపే జాయినర్లు కొన్నాళ్లకు వదులై అక్కడ వోల్టేజీ పడిపోతుంది. చక్రానికి ఒక్క క్షణం కరెంటు అందకపోతే మోటారుకు పెద్దగా తేడా రాదు, ఇంజిన్ తన బరువుతో ఆ ఊపులో ముందుకు పోతుంది. సౌండ్ బోర్డుకు ఆ వెసులుబాటు లేదు. కరెంటు తెగగానే ఆగిపోయి, మళ్లీ రాగానే మొదటి నుంచి మొదలుపెడుతుంది. కూత సగంలో తెగిపోవడం, నడుస్తున్న రైలులోంచి ఇంజిన్ స్టార్ట్ అవుతున్న శబ్దం రావడం ఇందుకే. ఖరీదైన డీకోడర్లలో ఈ ఖాళీని పూడ్చడానికి, కరెంటును కాసేపు దాచుకునే పెద్ద కెపాసిటర్లు తగిలిస్తారు. చౌక బోర్డుల్లో ఆ ఏర్పాటు ఉండదు.

డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతిలో అయితే ఆదేశాలు కూడా పట్టాల గుండానే వెళ్తాయి. అమెరికాలోని ఎన్‌ఎంఆర్‌ఏ అనే మోడల్ రైలు అభిరుచిదారుల సంఘం పెట్టిన ప్రమాణం ప్రకారం ‘ఒకటి’ అనే బిట్‌లో ఒక్కో సగం 58 మైక్రోసెకన్లు, ‘సున్నా’ అయితే 100 లేదా అంతకంటే ఎక్కువ. ఇంత చిన్న తేడాలను మురికి పట్టిన పట్టా మీద నుంచి చదవాలంటే పట్టా తుడవడం రోజువారీ పని అయిపోతుంది. ఇంటి లోపల, శుభ్రంగా ఉండే లైనుకు మాత్రం డీసీసీ చక్కని దారే. అక్కడ ఖర్చు తగ్గించుకునే మార్గాలు కూడా ఉన్నాయి. డీసీసీ-ఈఎక్స్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాంను ఆర్డ్యుయినో అనే చిన్న కంప్యూటర్ బోర్డులో ఎక్కిస్తే అదే కమాండ్ స్టేషన్ అవుతుంది. ఫోన్‌లో ఇంజిన్ డ్రైవర్ యాప్ వేసుకుంటే అదే థ్రాటిల్, అంటే వేగం మార్చే పిడి. ఒక్క జాగ్రత్త కావాలి. చిన్న రైళ్లకు వాడే ఆర్డ్యుయినో మోటార్ షీల్డ్ (పట్టాలకు కరెంటు అందించే పై బోర్డు) ఒక్కో ఛానల్‌కు 2 ఆంపియర్ల దాకానే ఇస్తుంది. రెండు మోటార్లున్న జి స్కేల్ డీజిల్ ఇంజిన్ బరువైన బండిని లాగేటప్పుడు ఒక్కటే ఆ మొత్తాన్ని లాగేసుకోగలదు. కాబట్టి ఎక్కువ కరెంటు ఇచ్చే డ్రైవర్ బోర్డు పెట్టుకోవాలి.

తోటలో నడిపే రైలుకు బ్యాటరీయే మేలు. పట్టా తుడిచే పని పోతుంది, రైలు చుట్టు తిరిగి అదే లైనులోకి వచ్చే రివర్స్ లూప్‌లో ఎడమ పట్టా వెళ్లి కుడి పట్టాను తాకి షార్ట్ అవుతుందన్న బెంగ ఉండదు, ముఖ్యంగా శబ్దం తెగదు. 18650 రకం లిథియం సెల్ 18 మి.మీ. వ్యాసం, 65 మి.మీ. పొడవు ఉంటుంది. మామూలు వోల్టేజీ 3.6 లేదా 3.7, నిండా ఛార్జ్ అయితే 4.2. నాలుగింటిని వరుసగా కలిపితే 14.8 వోల్టులు. పట్టాల మీద 20 వోల్టుల దాకా ఇచ్చి నడిపిన అలవాటున్న వారికి ఇది తక్కువ అనిపించవచ్చు. లెక్క వేస్తే ఆ భయం పోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే నేరో గేజ్ రైలు 1:22.5 నిష్పత్తిలో సెకనుకు దాదాపు అర మీటరు మాత్రమే కదలాలి. నిజానికి తోటల్లో నడిచే రైళ్లలో ఎక్కువ భాగం నడవాల్సిన వేగం కంటే చాలా దూకుడుగా పోతుంటాయి. 3,000 మిల్లీ ఆంపియర్ అవర్ సెల్స్‌తో కట్టిన ప్యాక్, సగటున 1.5 ఆంపియర్లు లాగే ఇంజిన్‌ను లెక్క ప్రకారం రెండు గంటలు నడపాలి. సెల్స్‌ను పూర్తిగా పిండేయకుండా గంటన్నర అనుకుంటే సరిపోతుంది.

పొదుపు చేయకూడని మొదటి చోటు ఇదే. 18650 సెల్ మీద 9,900 అని రాసి ఉంటే అది అబద్ధం. పేరున్న తయారీదారుల సెల్స్‌లో ఆ సంఖ్య 3,500 చుట్టుపక్కల ఆగుతుంది. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి ఊడదీసిన సెల్స్ ఒకదానితో ఒకటి పొంతన లేకుండా ఉంటాయి, వాటిని వరుసలో కలపడం ప్రమాదం. సెల్స్‌ను విడివిడిగా కనిపెట్టుకుని ఉండే ప్రొటెక్షన్ బోర్డు, ప్యాక్‌కు ఆనుకునే ఒక ఫ్యూజ్, ఆ సెల్ సంఖ్యకు సరిపోయే లిథియం ఛార్జర్, ఈ మూడూ తప్పనిసరి. ఇదంతా టెన్షన్ అనుకునేవారికి డ్రిల్లింగ్ మెషిన్ల బ్యాటరీ మంచి ప్రత్యామ్నాయం. ఛార్జర్ దాంతోపాటే వస్తుంది, ఖాళీ అయితే ఊడదీసి ఇంకొకటి తగిలించుకోవచ్చు. ఒక కంపెనీ 18 వోల్టులని, ఇంకొకటి 20 అని రాసినా లోపల వరుసలో ఉండేవి అవే అయిదు సెల్స్. అయితే కొన్ని బ్రాండ్లలో బ్యాటరీ మరీ ఖాళీ కాకుండా ఆపే సర్క్యూట్ బ్యాటరీలో కాక డ్రిల్లింగ్ మెషిన్‌లో ఉంటుంది. అలాంటి బ్యాటరీని నేరుగా రైలుకు తగిలిస్తే ఎవరూ ఆపకుండా అడుగంటిపోతుంది. తక్కువ వోల్టేజీ దగ్గర కరెంటు తెంపేసే చిన్న బోర్డు ఒకటి మధ్యలో పెట్టాలి.

బ్యాటరీ పెట్టాక పట్టాల నుంచి కరెంటు తీసుకునే వైర్లను ఇంజిన్ లోపలే తెంపేయడం మరవకూడదు. లేకపోతే బ్యాటరీ కరెంటు చక్రాల గుండా పట్టాల్లోకి పోతుంది. ఆ లైనులో పట్టా కరెంటుతో నడిచే ఇంకో రైలు ఉంటే రెండూ దెబ్బతింటాయి.

పగ్గాలు ఎవరి చేతిలో

అంతా తయారుగా కావాలంటే మార్కెట్లో ఎయిర్‌వైర్, రైల్‌ప్రో లాంటి వ్యవస్థలున్నాయి. ఎయిర్‌వైర్ డీసీసీ ఆదేశాలనే 900 మెగాహెర్ట్జ్ రేడియో మీద పంపుతుంది, అందువల్ల దాని రిసీవర్ వెనక మామూలు డీసీసీ సౌండ్ డీకోడర్ పెట్టుకోవచ్చు. ఆ ఫ్రీక్వెన్సీ అమెరికాలో అనుమతించినది. వేరే దేశాల్లో నియమాలు వేరు, కాబట్టి విదేశం నుంచి రేడియో సెట్ తెప్పించుకునే ముందు అది చూసుకోవాలి. 2.4 గిగాహెర్ట్జ్‌కు దాదాపు ఎక్కడా ఆ చిక్కు రాదు.

చౌక దారి రేడియో కంట్రోల్ కార్ల సామాను. 2.4 గిగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, చిన్న రిసీవర్, బ్రష్డ్ మోటార్లకు వాడే ఈఎస్‌సీ అనే స్పీడ్ కంట్రోలర్ ఉంటే రైలు కదులుతుంది. అసలు చిక్కు నెమ్మదిగా కదలడంలో వస్తుంది. కార్ల ఈఎస్‌సీ కారు కోసం పుట్టింది: నాబ్ కొంచెం తిప్పేసరికి ఏమీ జరగదు, ఇంకొంచెం తిప్పగానే బండి ఎగిరి దూకుతుంది. రాళ్ల మీద పాకే క్రాలర్ బొమ్మల ఈఎస్‌సీలు ఈ పనికి చాలా నయం. ఇంకో చిన్న చిరాకు ఉంది. మోటారుకు కరెంటును ముక్కలు ముక్కలుగా ఇచ్చే పీడబ్ల్యూఎం ఫ్రీక్వెన్సీ తక్కువైతే మోటారే కీచుమంటుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర అది మనిషి చెవికి అందదు. శబ్దం కోసం ఇంత కష్టపడి, చివరికి ఈ కీచు వింటూ కూర్చోవడం ఎవరికీ ఇష్టం ఉండదు.

ప్రోగ్రామింగ్ అంటే జంకు లేనివారికి ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ బోర్డు అన్నిటికంటే ఎక్కువ ఇస్తుంది. వైఫై, బ్లూటూత్ రెండూ ఆ ఒక్క చిప్‌లోనే ఉన్నాయి. మోటార్ డ్రైవర్‌కు ఆదేశాలిస్తూనే శబ్దాన్ని కూడా అదే నడపగలదు. శబ్దం, వేగం రెండూ ఒకే బుర్రలో ఉంటే పొంతన కుదర్చడం ఎంతో తేలిక. డ్రైవర్ చిప్ ఎంచుకునేటప్పుడు ఎల్298 లాంటి పాత రకాల జోలికి పోకపోవడమే మంచిది. అవి దాదాపు రెండు వోల్టులు తమలోనే వేడిగా పోగొట్టుకుంటాయి. మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టర్లు వాడే రకాలు అంత వృథా చేయవు. ఎన్ని ఆంపియర్ల డ్రైవర్ కావాలో తెలియాలంటే ఇంజిన్‌ను చేత్తో ఆపి చక్రాలు జారేలా చేసి, ఆ కాసేపు లాగిన కరెంటును మల్టీమీటర్‌తో కొలవాలి. దానికి రెట్టింపు తట్టుకునే డ్రైవర్ తీసుకుంటే నిశ్చింత.

ఫోన్‌తో నడపాలా, నాబ్‌తో నడపాలా అన్నది అభిరుచికి సంబంధించిన విషయమే అనిపించినా, ఆరుబయట నాబ్‌దే పైచేయి. ఎండలో ఫోన్ తెర కనబడదు, వేలు ఎక్కడ ఉందో చూసుకోవడానికి రైలు మీద నుంచి చూపు తిప్పాలి. ఫోన్‌లో ఫోన్ కాల్ వస్తే రైలు ఎవరి చేతిలోనూ ఉండదు. యాప్ పాతబడి కొత్త ఫోన్లలో పనిచేయకపోతే బోర్డు బాగున్నా వాడలేం. ఇంకో ఈఎస్‌పీ32కు ఒక నాబ్, నాలుగు బటన్లు కలిపితే కంట్రోలర్ సిద్ధమైపోతుంది, చూడకుండానే కూత వేయొచ్చు.

సిగ్నల్ తెగినప్పుడు రైలు ఏం చేయాలి? కొన్ని రిసీవర్లు చివరగా అందిన ఆదేశాన్నే పట్టుకుని ఉంటాయి, కొన్ని ఆగిపోతాయి. సొరంగంలో సిగ్నల్ పోయే లైన్లలో మొదటిదే కావాలని ఎంచుకునేవారున్నారు. రైలు మలుపులో పట్టా తప్పి చెరువు గట్టు మీదికి పోయే అవకాశం ఉన్నచోట రెండోదే సరైనది. సొంతంగా రాసుకునే ప్రోగ్రాంలో సెకను పాటు ఏ ఆదేశమూ అందకపోతే వేగం మెల్లగా సున్నాకు రావాలన్న నియమం మొదటి రోజే రాసేయాలి, తర్వాత చూద్దాం అనుకుంటే ఎప్పటికీ కుదరదు. యాంటెనా సంగతి కూడా ఇక్కడే: లోహపు బాడీ ఉన్న ఇంజిన్‌లో అది బయటికి రావాలి, లేదా ప్లాస్టిక్ టెండర్‌లోకి మారాలి. మోటారు బ్రష్‌ల దగ్గర పుట్టే నిప్పురవ్వలు రేడియోను గందరగోళపెడితే మోటారు కొసల మధ్య 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటర్ ఒకటి సోల్డర్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

చుక్‌చుక్ ఎలా పుడుతుంది

రెండు సిలిండర్ల ఆవిరి ఇంజిన్‌లో పిస్టన్ రెండు వైపుల నుంచీ ఆవిరి తోస్తుంది. ఎడమ, కుడి క్రాంకులు ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాతో ఉంటాయి. అందువల్ల పెద్ద చక్రం ఒక చుట్టు తిరిగేసరికి నాలుగు చుక్‌లు వినిపిస్తాయి. క్రాంకుల మధ్య 120 డిగ్రీలున్న మూడు సిలిండర్ల ఇంజిన్ అయితే ఆరు. 1.2 మీటర్ల చక్రమున్న ఇంజిన్ గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు నాలుగున్నర చుక్‌ల దాకా వస్తాయి. నిష్పత్తి ప్రకారం నడిపిన మోడల్‌లో చక్రం కూడా అంతే వేగంగా తిరుగుతుంది కాబట్టి లెక్క మారదు. ఈ వేగంలో కన్ను చక్రాన్ని, కడ్డీని చూడగలుగుతుంది, చెవి చుక్‌లను లెక్కపెట్టగలుగుతుంది. తేడా ఉంటే దొరికిపోయేది ఇక్కడే.

అందుకే ఖర్చు పెట్టాల్సిన అతి చిన్న వస్తువు అయస్కాంతం. ఇరుసు మీద నాలుగు బుల్లి అయస్కాంతాలు సమాన దూరంలో అంటించి, ఎదురుగా అయస్కాంతం దగ్గరికి రాగానే స్పందించే రీడ్ స్విచ్ గానీ హాల్ సెన్సార్ గానీ పెడితే ప్రతి చుక్‌కూ ఖచ్చితమైన సంకేతం వస్తుంది. రీడ్ స్విచ్ పక్కనే పెద్ద స్పీకర్ పెడితే స్పీకర్ అయస్కాంతమే స్విచ్‌ను మూసి ఉంచుతుంది. ఎక్కడ తప్పుందో తెలియక సాయంత్రమంతా పోయే తప్పుల్లో ఇదొకటి. సెన్సార్ లేకుండా మోటారు వోల్టేజీని బట్టి చుక్‌లు వేసే బోర్డులూ ఉన్నాయి. వేగంగా పోయేటప్పుడు ఫరవాలేదు గానీ, స్టేషన్ వదిలే క్షణంలో వాటి మాయ వీగిపోతుంది.

ఇక వినిపించే బోర్డు. డీఎఫ్‌ప్లేయర్ మినీ అనే ఎంపీ3 మాడ్యూల్ ఈ రంగంలో అందరికీ తెలిసినదే. బొటనవేలంత బోర్డు, మైక్రో ఎస్‌డీ కార్డు, మూడు వాట్ల ఆంప్లిఫయర్ అందులోనే. కూత, గంట, స్టేషన్ ప్రకటన, పెట్టెల్లో ఆవుల అరుపు లాంటివాటికి ఇది చాలు. చుక్‌లకు మాత్రం చాలదు. ఒక ఆదేశం అంటే పది బైట్లు, 9600 బాడ్ (సెకనుకు 9,600 బిట్లు) వేగంలో అది చేరడానికే దాదాపు పది మిల్లీసెకన్లు పడుతుంది, ఆపై కార్డులో ఫైలు వెతికి తెరవడానికి ఇంకొంత. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో చుక్‌కీ చుక్‌కీ మధ్య ఉండేది దాదాపు 85 మిల్లీసెకన్లే. పైగా అది ఒకసారికి ఒకే ఫైలు వాయిస్తుంది, కూత వేస్తే చుక్‌లు ఆగిపోతాయి. లూప్‌లో పెట్టిన ఫైలు చివరా మొదలూ కలిసేచోట చిన్న ఖాళీ వినపడుతుంది, ఐడిల్‌లో, అంటే కదలకుండా ఊరికే నడుస్తున్న డీజిల్ శబ్దానికి అది పెద్ద లోపం.

ఈ పరిమితులు దాటాలంటే శబ్దాలను ఈఎస్‌పీ32 మెమరీలోనే ఉంచి, మ్యాక్స్98357 లాంటి డిజిటల్ ఆంప్లిఫయర్‌కు పంపాలి. 16 బిట్, 22,050 హెర్ట్జ్, మోనోలో పావు సెకను చుక్ 11 కిలోబైట్లే. నాలుగు చుక్‌లూ ఒకేలా ఉండకూడదు. నిజమైన ఇంజిన్‌లో వాల్వుల సర్దుబాటు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది, నాలుగింటిలో ఒకటి కాస్త గట్టిగా, ఒకటి కాస్త పొడిగా వస్తుంది. ఆ అసమానతే ప్రాణం. ఎత్తు ఎక్కేటప్పుడు చుక్ గట్టిగా, పల్లంలో దాదాపు వినపడకుండా ఉండాలి. మోటారు ఎంత కరెంటు లాగుతోందో చూసి వాల్యూమ్ మార్చితే ఇది దానంతటదే వచ్చేస్తుంది. ఒక సంగతి పెద్దగా ఎవరూ చెప్పరు: చుక్ అనేది స్వరం లేని ఒట్టి హోరు, దాన్ని రికార్డు చేయకుండా ఈఎస్‌పీ32లోనే పుట్టించినా చెవి ఒప్పుకుంటుంది. కూత అలా కాదు. అందులో ఒకేసారి మోగే స్వరాలు, ఆవిరి పీడనంతో కిందికీ పైకీ జారడం ఉంటాయి, దానికి మంచి రికార్డింగ్ కావాల్సిందే. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతి రికార్డింగూ వాడుకోవడానికి అనుమతి ఉన్నది కాదని కూడా గుర్తుంచుకోవాలి.

డీజిల్ ఇంజిన్‌కు లెక్కే వేరు. డీజిల్-ఎలక్ట్రిక్‌లో ఇంజిన్ జనరేటర్‌ను తిప్పుతుంది, చక్రాలను తిప్పేది వేరే మోటార్లు. అందువల్ల శబ్దానికీ చక్రం వేగానికీ నేరుగా లంకె లేదు. అమెరికా ఇంజిన్లలో డ్రైవర్ థ్రాటిల్‌కు ఎనిమిది నాచ్‌లు, అంటే మెట్లు ఉంటాయి. నాచ్ పెంచగానే ముందు ఇంజిన్ గర్జిస్తుంది, బండి ఆ తర్వాత మెల్లగా కదులుతుంది. వేగం అందుకున్నాక నాచ్ తగ్గిస్తే పరుగు అలాగే ఉండి శబ్దం దిగిపోతుంది. మోడల్‌లో ఇది రావాలంటే నాబ్ శబ్దాన్ని వెంటనే మార్చాలి, మోటారును మాత్రం ఆలస్యంగా మార్చాలి. సెన్సార్ అక్కర్లేదు, ప్రోగ్రాంలో నాలుగు లైన్లు చాలు. ఈ ఒక్క ఆలస్యం డీజిల్ మోడల్‌కు తెచ్చే బరువు ఏ స్పీకర్ మార్చినా రాదు.

స్పీకర్, దాని పెట్టె

స్పీకర్ కోన్ ముందుకు కదిలినప్పుడు వెనక గాలి పలచబడుతుంది. ముందు వెనకల గాలి కలిసిపోతే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి, ముఖ్యంగా తక్కువ స్వరాలు పూర్తిగా మాయమవుతాయి. స్పీకర్‌ను టెండర్‌లో వదులుగా పడేసినవారు ఆంప్లిఫయర్ బాగాలేదని తిట్టుకోవడం మామూలే. స్పీకర్ వెనక భాగాన్ని గాలి దూరకుండా ప్లాస్టిక్ డబ్బాతో, అంచుల చుట్టూ సిలికాన్‌తో మూసేస్తే అదే స్పీకర్ నుంచి వచ్చే శబ్దం విని నమ్మబుద్ధి కాదు.

వాట్ల వెంట పడటం దండగ. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది, మీటరు దూరంలో వినిపించింది ఎనిమిది మీటర్ల దగ్గరికి వచ్చేసరికి 18 డెసిబెల్స్ తగ్గిపోతుంది. మూడు వాట్ల ఆంప్లిఫయర్‌ను ఆరు వాట్లకు పెంచితే తిరిగొచ్చేది మూడే. అదే సెన్సిటివిటీ (ఒకే వాట్‌కు ఎంత గట్టిగా పలుకుతుందన్న కొలత) ఆరు డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకర్ కొంటే నాలుగు రెట్లు పెద్ద ఆంప్లిఫయర్ పెట్టినంత ఫలితం, బ్యాటరీ మీద అదనపు భారం లేకుండా. చిన్న స్పీకర్ 200 హెర్ట్జ్ కంటే కింద సరిగా పలకలేదు, ఆ స్వరాలను ఫైలులోనే కత్తిరించేస్తే గరగర తగ్గుతుంది. తడి తగిలే చోట కాగితం కోన్ కంటే ప్లాస్టిక్ పొర ఉన్నది మన్నుతుంది.

స్పీకర్‌లో సన్నగా హమ్ వినిపిస్తే నేరం సాధారణంగా బ్యాటరీ వోల్టేజీని 5 వోల్టులకు తగ్గించే కన్వర్టర్‌దో, గ్రౌండ్ వైర్లదో. మోటారు కరెంటు వెళ్లే గ్రౌండ్, ఆంప్లిఫయర్ గ్రౌండ్ వేర్వేరు వైర్లుగా బ్యాటరీ దాకా వెళ్లాలి. ఆంప్లిఫయర్ దగ్గర 1,000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి పెట్టాలి. డీఎఫ్‌ప్లేయర్ అయితే దాని సీరియల్ వైరులో వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ కూడా పెడితే దాని నుంచి వచ్చే టిక్‌టిక్‌లు పోతాయి.

ఇవేవీ చేసే ఓపిక లేనివారు ఒక వ్యాగన్‌లో బ్లూటూత్ స్పీకర్ దాచి ఫోన్ నుంచి రైలు శబ్దం వాయించడం కూడా చూస్తుంటాం. దూరం నుంచి సరదాగానే ఉంటుంది. బ్లూటూత్ ఆడియో సెకనులో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా ఆలస్యంగా వస్తుంది కాబట్టి కూతకు పనికొస్తుంది, చుక్‌కు రాదు. రెండో ఇంజిన్ తయారు చేసేటప్పుడు కంట్రోలర్, ఛార్జర్, శబ్దాల ఫైళ్లు మళ్లీ కొనక్కర్లేదు. బ్యాటరీని, స్పీకర్‌ను ఇంజిన్ వెనక నడిచే వ్యాగన్‌లో పెట్టి ప్లగ్గు ఇస్తే అవి కూడా ఒకటే సెట్ చాలు, ఒక్కో ఇంజిన్‌కు కొత్తగా పడేది ఒక బోర్డు, ఒక డ్రైవర్, నాలుగు అయస్కాంతాలు.